మీటరు అబద్ధమాడిందా?



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మందమర్రిలో ఉండేవారికి ఈ సామెత విడమరిచి చెప్పనక్కరలేదు. నేల కింద బొగ్గు, నెత్తిన ఎండ. మధ్యాహ్నం పూట వీధిలో కాకి కూడా కనిపించదు. సరిగ్గా అటువంటి రోజుల్లోనే రీడింగు తీసే మనిషి వస్తాడు. మీటరు వంక చూస్తాడు, చేతిలోని చిన్న యంత్రంలోంచి పొడుగాటి కాగితం ఒకటి చింపి ఇచ్చి వెళ్ళిపోతాడు. దాన్ని చూడగానే ఇంట్లో పెద్దవాళ్ళ ముఖాలు మారిపోతాయి. "ఇంత బిల్లా! మనం ఏం వాడామని?"

ఈ నెల మనం ఆ కాగితాన్ని చదవటం నేర్చుకుందాం. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. అంతకంటె పెద్ద చదువు అవసరం లేదు.

మందమర్రిలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. అమ్మ, బాపు, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డు ఉన్న కుటుంబం. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకం ప్రకారం, ఇటువంటి ఇల్లు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు వాడితే బిల్లు కట్టనక్కరలేదు. కాగితం మీద సున్నా వస్తుంది. ఫిబ్రవరిలో వాళ్ళు వాడినది 150 యూనిట్లు. బిల్లు సున్నా. తరువాత వేసవి వచ్చింది. మే నెల కాగితంలో 212 యూనిట్లు. బిల్లేమో పదకొండు వందల రూపాయల పైమాటే!

"మీటరు పాడైపోయింది" అన్నాడు బాపు.

"పిల్లలు పొద్దస్తమానం ఫ్యాను కిందనే ఉంటున్నారు" అన్నది అమ్మ.

చివరకు అందరి చూపూ నాయనమ్మ గదిలోని కూలరు మీద పడింది. పాపం, నాయనమ్మ ఆ చూపు కనిపెట్టి, "నాకెందుకు కొడుకా ఈ కూలరు? తడిబట్ట కప్పుకొని పడుకుంట. బంద్ చెయ్" అన్నది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ముసలివాళ్ళ శరీరం వేడికి తట్టుకోలేదు. వడదెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. కూలరు ఆపమని తీర్పు చెప్పేముందు, నేరం నిజంగా కూలరుదేనా అని విచారించవద్దూ? రండి, విచారణ మొదలుపెడదాం.

యూనిట్ అంటే ఏమిటి?

పాలను లీటర్లలో కొలుస్తాం, బియ్యాన్ని కిలోలలో కొలుస్తాం. కరెంటును యూనిట్లలో కొలుస్తాం. 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను ఒక గంటసేపు వాడితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 100 వాట్ల పాతకాలపు బల్బు అయితే అదే యూనిట్‌తో పది గంటలు వెలుగుతుంది. 9 వాట్ల ఎల్ఇడి బల్బు నూటపది గంటలు దాటి వెలుగుతుంది. కనుక వస్తువు మీద రాసిన వాట్లను గంటలతో గుణించి, 1000 చేత భాగిస్తే యూనిట్లు వస్తాయి. అంతే సూత్రం.

వాట్ అనే పేరు ఎక్కడిదో తెలుసునా? జేమ్స్ వాట్ అని స్కాట్లండు దేశస్థుడు ఒకడు 1736లో పుట్టాడు. అతనికంటె ముందే, 1712లో, న్యూకమెన్ అనే ఆయన ఒక ఆవిరియంత్రం నిలబెట్టాడు. దానిని దేనికి వాడారనుకున్నారు? గనులలో ఊరే నీటిని తోడి పైకి పోయటానికి! అయితే ఆ యంత్రం బొగ్గును బకాసురుడిలా మింగేది. తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసేటట్లు దానిని బాగుచేసినవాడు వాట్. తన యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెప్పటానికి అతను వాడిన కొలతే హార్స్‌పవర్. నేటికీ మన ఇంటి నీళ్ళ మోటారు మీద అదే మాట ఉంటుంది. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు.

కాబట్టి, బొగ్గుబాయి పక్కన నివసించే పిల్లలకు వాట్ పరాయివాడేమీ కాదు.

మన బొగ్గు, మన కరెంటు, మరి డబ్బు ఎందుకు?

మీలో కొందరికి ఈ సందేహం రాక మానదు. "మా ఊరి కింద బొగ్గు తవ్వుతున్నారు. దగ్గర్లోనే జైపూర్‌లో సింగరేణి వారి విద్యుత్ కేంద్రం ఉన్నది. మరి మేమెందుకు డబ్బు కట్టాలి?"

మంచి ప్రశ్న. జైపూర్ కేంద్రంలో ఒక్కొక్కటి 600 మెగావాట్ల యంత్రాలు రెండున్నాయి. 2016లో అవి పనిచేయటం మొదలుపెట్టాయి. అక్కడ బొగ్గును పిండిలాగా విసిరి, మండించి, నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. చక్రం కరెంటును పుట్టిస్తుంది. ఒక యూనిట్ పుట్టటానికి సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. అంటే మన ఇంట్లో 200 యూనిట్లు వాడామంటే 140 కిలోల బొగ్గు మండినట్లే. బస్తాలకెత్తితే దాదాపు మూడు బస్తాలు!

ఆ బొగ్గును తవ్వటానికి గనిలోకి దిగిన కార్మికుడికి జీతం ఇవ్వాలి. మోసిన రైలుకు కిరాయి ఇవ్వాలి. కేంద్రం కట్టటానికి తెచ్చిన అప్పు తీర్చాలి. తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు చూసుకునేవారికి జీతాలివ్వాలి. పైగా కేంద్రంలో పుట్టిన కరెంటు తిన్నగా మన ఇంటికి రాదు. రామగుండం కరెంటు, జైపూర్ కరెంటు, జలవిద్యుత్తు, ఎండతో పుట్టిన కరెంటు అన్నీ ఒకే పెద్ద తీగల వలలో కలుస్తాయి. చెరువులో కలిసిన వాగునీటిని వేరుచేయలేనట్లే దానినీ వేరుచేయలేము. సున్నా బిల్లు వచ్చినప్పుడు కూడా ఆ ఖర్చు మాయమైపోదు. మన బదులు ప్రభుత్వం దానిని పంపిణీ సంస్థకు చెల్లిస్తుంది.

రెండు నిచ్చెనల లెక్క

ఇప్పుడు అసలు చిక్కు ముడి విప్పుదాం. 150 యూనిట్లకు సున్నా వచ్చినప్పుడు, 212 యూనిట్లకు ఎక్కువైన 12 యూనిట్ల డబ్బే కదా కట్టాలి? పదకొండు వందలు ఎలా అయింది?

కారణం ఏమిటంటే, 200 దాటిన నెలలో ఉచితం వర్తించదు. మొత్తం 212 యూనిట్లకూ కట్టాలి. అంతేకాదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ధరల పట్టీ చూడండి.

నెలకు 100 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు ఒక్కొక్కటి 1 రూపాయి 95 పైసలు, తరువాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసలు.

100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసలు.

200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసలు, 201 నుంచి 300 దాకా 7 రూపాయల 70 పైసలు. ఆపైన ఇంకా ఎక్కువ.

జాగ్రత్తగా గమనించారా? 200 దాటగానే మనం అదే నిచ్చెన మీద ఇంకొక మెట్టు ఎక్కటంలేదు. ఆ నిచ్చెన తీసేసి, వేరొక నిచ్చెనను మొదటి మెట్టు నుంచి ఎక్కిస్తున్నారు. 3 రూపాయల 40 పైసలకు వచ్చే మొదటి యూనిట్ కూడా ఇప్పుడు 5 రూపాయల 10 పైసలే.

లెక్క వేసి చూడండి. పథకం లేని ఇల్లు సరిగ్గా 200 యూనిట్లు వాడితే 340 రూపాయలూ, 480 రూపాయలూ కలిపి 820 రూపాయలు. అదే ఇల్లు 201 వాడితే 1020 రూపాయలూ, 7 రూపాయల 70 పైసలూ కలిపి 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ చివరి ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! పథకం ఉన్న ఇంటికైతే ఆ ఒక్క యూనిట్ సున్నాను వెయ్యి దాటిస్తుంది.

మన ఇంటి 212 యూనిట్లకు 1020 రూపాయలూ, 92 రూపాయల 40 పైసలూ కలిపి 1112 రూపాయల 40 పైసలు. దీనిమీద స్థిర రుసుము, వినియోగదారు రుసుము, విద్యుత్ సుంకం కలుస్తాయి. అవి బిల్లులో వేరే వరుసలలో ఉంటాయి, వెతకండి.

కనుక ఇక్కడ మీటరు అబద్ధమాడలేదు. తక్కువ వాడే బీద ఇంటికి తక్కువ ధర పడాలని పెట్టిన పద్ధతి ఇది. కాని గట్టు మీద నిలబడినవాడు ఒక్క అడుగు తప్పితే గోతిలో పడ్డట్టు, 200 దగ్గర నిలబడిన ఇల్లు ఒక్క యూనిట్‌తో జారిపోతుంది.

దొంగలు ఎందరు?

ఫిబ్రవరిలో 150 ఉన్నది, మేలో 212 ఎందుకైంది? ఈ 62 యూనిట్లు ఎవరు తిన్నారు?

మొదట కాగితం మీద తేదీలు చూడండి. కిందటి రీడింగు తేదీ, ఇప్పటి రీడింగు తేదీ రెండూ ఉంటాయి. ఫిబ్రవరి బిల్లు 30 రోజులది. మే బిల్లు 33 రోజులది అనుకుందాం. మూడు రోజులు ఆలస్యంగా రీడింగు తీశారన్నమాట. 30 రోజులకు 150 అంటే రోజుకు 5 యూనిట్లు. కాబట్టి మూడు రోజులకు 15 యూనిట్లు. అవి ఎవరూ అదనంగా వాడినవి కావు, క్యాలెండరు తెచ్చిపెట్టినవి.

62లో 15 పోతే 47.

రెండవది కూలరు. నాయనమ్మ కూలరు 150 వాట్లది. రాత్రి 8 గంటలు వేస్తే 1200 వాట్-గంటలు, అంటే 1.2 యూనిట్లు. 25 రాత్రులకు 30 యూనిట్లు.

47లో 30 పోతే 17.

మూడవది ఫ్యాను. సెలవుల్లో పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. 75 వాట్ల ఫ్యాను పగలు 4 గంటలు ఎక్కువగా తిరిగితే రోజుకు 0.3 యూనిట్. 30 రోజులకు 9 యూనిట్లు.

మిగిలిన 8 యూనిట్లు ఫ్రిజ్‌వి. ఫ్రిజ్ లోపలి వేడిని బయటకు తోడిపోస్తుంది. బయట ఎండ మండిపోతుంటే ఆ తోడటం కష్టమవుతుంది. మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది. పైగా చల్లనీళ్ళ కోసం తలుపు మాటిమాటికీ తెరుస్తారు.

15, 30, 9, 8. మొత్తం 62. లెక్క సరిపోయింది!

కూలరు వాటా పెద్దదే. కాని కూలరు ఆపితేనే 200 లోపు వస్తామా? మనం తగ్గించవలసినవి 12 యూనిట్లే. వాటిని వేరేచోట వెతుకుదాం.

నీళ్ళ మోటారు సంగతి చూడండి. ఒక హార్స్‌పవర్ మోటారు 746 వాట్ల పని చేయటానికి సుమారు 1000 వాట్లు గుంజుతుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా ఎవరూ చూడక రోజూ 20 నిమిషాలు అదనంగా తిరిగితే, రోజుకు యూనిట్‌లో మూడవ వంతు. 30 రోజులకు 10 యూనిట్లు! నీళ్ళూ పాయె, కరెంటూ పాయె. తరువాత టీవీ పక్కనుండే సెట్‌టాప్ పెట్టె. టీవీ రిమోటుతో ఆపినా అది మేలుకునే ఉంటుంది. 10 వాట్లే కదా అనుకోవద్దు. ఎవరూ చూడని 18 గంటలు గోడ దగ్గర స్విచ్చి ఆపితే రోజుకు 0.18 యూనిట్, 30 రోజులకు 5 యూనిట్ల పైన.

పదీ అయిదూ పదిహేను. 212లో 15 పోతే 197. సున్నా బిల్లు తిరిగి వచ్చింది, నాయనమ్మ కూలరూ తిరుగుతున్నది!

కూలరుకు కూడా ఒక మర్యాద ఉన్నది. దాని వెనుక కిటికీ తెరిచి ఉండాలి. గది తలుపులన్నీ బిగిస్తే తేమ పేరుకుపోయి చల్లదనం పుట్టదు. అప్పుడు వేగం పెంచుతారు, కరెంటు పెరుగుతుంది. గడ్డి శుభ్రంగా ఉంటే తక్కువ వేగంతోనే చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకండి. తలుపు రబ్బరు చిరిగిందేమో చూడాలంటే, ఒక కాగితం ముక్క మధ్యన పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు మార్చవలసిందే.

లెక్క తప్పేది ఎప్పుడు?

ఒక్కొక్కసారి పెద్దవాళ్ళ అనుమానంలోనూ సబబు ఉంటుంది. 2020లో కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టినప్పుడు తెలంగాణలో రీడింగు తీసేవారు ఇంటింటికీ తిరగలేకపోయారు. కిందటి సంవత్సరం అదే నెలలో ఎంత వాడారో చూసి తాత్కాలికంగా బిల్లులు వేశారు. జూన్‌లో మీటర్లు చూసిన తరువాత, మూడు నెలల యూనిట్లు కలిపి, సగటు తీసి లెక్క తేల్చారు. బిల్లులు చూసి వేలాదిమంది ఉలిక్కిపడ్డారు.

సగటులో కిటుకు ఏమిటి? ఒక ఇల్లు మూడు నెలలలో 80, 90, 190 యూనిట్లు వాడిందనుకోండి. మొత్తం 360, సగటు 120. 80, 90 వాడిన నెలలు కూడా నూరు దాటిన నిచ్చెన ఎక్కాయి. ఆ ఇంటికి నష్టం. మరొక ఇల్లు 120, 190, 260 వాడింది. మొత్తం 570, సగటు 190. 200 దాటిన నెల కిందికి దిగింది. ఆ ఇంటికి లాభం. ఒకే సగటు ఒకరికి నష్టం, ఒకరికి లాభం! కాబట్టి "సగటు" అనే మాట కనిపిస్తే మీరు కాగితం, పెన్సిలు అందుకోవాలి.

మరి మీటరే చెడిపోయిందేమోనని అనుమానం వస్తే? దానికొక పరీక్ష ఉన్నది. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, దూరం నుంచి కళ్ళతో మాత్రమే చేయాలి. మీటరునూ, తీగలనూ, ఫ్యూజులనూ ఎట్టి పరిస్థితిలోనూ తాకకూడదు.

నేటి మీటరు మీద చిన్న ఎర్రదీపం మినుకుమంటూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుతుందో దాని ముఖం మీదనే ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉంటుంది. 3200 అని ఉన్నదనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపించి, 75 వాట్ల ఫ్యాను ఒక్కటే పూర్తి వేగంతో వేయించండి. దీపం సుమారు 15 సెకండ్లకు ఒకసారి మినకాలి. ఎందుకంటే, గంటకు 240 మినుకులు, 240ని 3200 చేత భాగిస్తే 0.075 యూనిట్. అది 75 వాట్ల ఫ్యాను గంటకు తినేదే. దీపం 5 సెకండ్లకొకసారి మినుకుతున్నదా? అయితే ఇంకేదో వస్తువు ఆగకుండా నడుస్తున్నది. ఫ్యాను కూడా ఆపి, ప్లగ్గులన్నీ తీసిన తరువాత కూడా దీపం వేగంగా మినుకుతూనే ఉంటే, గోడలలో ఎక్కడో కరెంటు కారుతున్నదని అనుమానించాలి. అది డబ్బుకే కాదు, ప్రాణానికీ ప్రమాదం. వెంటనే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

బిల్లులోని ఇప్పటి రీడింగు మీటరు మీది అంకెను మించి ఉన్నా, ఇంటిలో లోపం లేకుండా మీటరు పరుగెత్తుతున్నా, 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. రుసుము కట్టి మీటరును పరీక్ష చేయించుకోవచ్చు. అయితే వట్టి చేతులతో వెళ్ళి "ఎక్కువ వచ్చింది" అంటే ఎవరూ వినరు. "ఫలానా తేదీన మీటరు మీద ఇంత ఉన్నది, నేడు ఇంత ఉన్నది" అని రాసిన కాగితం చూపిస్తే వినక తప్పదు.

మీ పని

ఆ కాగితం తయారుచేసేది మీరే! ఒక పాత నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు మీటరు అంకె చూసి, తేదీ వేసి రాయండి. ఈ వారం అంకెలోంచి కిందటి వారం అంకె తీసివేసి, 7 చేత భాగించండి. రోజుకు ఎన్ని యూనిట్లో వస్తుంది. 30 రోజుల నెలలో 200 దాటకూడదంటే రోజుకు 6.6 యూనిట్లు మించకూడదు.

మూడవ ఆదివారం నాటికే మీ పుస్తకం ముందున్న గొయ్యిని చూపిస్తుంది. అప్పుడు ట్యాంకు దగ్గర కాపలా ఎవరు కాయాలో, సెట్‌టాప్ పెట్టె స్విచ్చి ఎవరు ఆపాలో ఇంట్లో పంచుకోండి. నాయనమ్మ కూలరు మాత్రం ముట్టుకోవద్దు!

మీ ఇంటిలో మొదట ఏ దొంగ దొరికాడో, ఎన్ని యూనిట్లు తిన్నాడో లెక్కతో సహా నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. వచ్చే వేసవికి అది పనికివస్తుంది.